శౌరయ్య కొడవలి, సీమ ఈత విత్తనం

దేవుడు మా ఊళ్లో సిగ్గు పంచిన రోజున శౌరయ్య అందరికన్నా ముందు నిలబడి, వెనకవాళ్ల వాటా కూడా తీసుకుపోయాడని నేను చెబుతూ ఉంటాను. నాకు మిగలకపోవడానికి కారణం అదేనని కూడా చెబుతాను. రెండో మాట అందరూ నమ్మారు.

శౌరయ్య మా ఆర్.సి.ఎం. గుడికి తోటమాలి. గంట కొట్టేదీ ఆయనే, పీఠం మీద కొవ్వొత్తులు వెలిగించేదీ ఆయనే. కంకిపాడు దాటాక కాలవ గట్టు మీద ఉంటుంది మా గుడి. దాని వెనక సిస్టర్ల మఠం, పక్కన వాళ్ల బడి. నేనూ ఆ బడిలోనే చదివి, ఇంగ్లీషు పద్యాలూ మోకాళ్ల మీద నిలబడడమూ నేర్చుకున్నాను. శౌరయ్య మంచి పొడుగరి. అయినా పారేసుకున్న సూదిని వెతుక్కునేవాడిలా ఎప్పుడూ తల దించుకుని నడిచేవాడు. పెళ్లి నాడు ఫాదరు అడిగిన ప్రశ్నకు జవాబు వినబడక, మళ్లీ అడిగీ అడిగీ, చివరికి తల ఊపితే చాలని ఒప్పుకున్నాడట. భార్య పేరు అమలమ్మ. ఆ పేరు ఆయన నోటి నుంచి జనాభా లెక్కల మనిషి వచ్చినప్పుడు ఒక్కసారి వచ్చింది, అదీ గోడవైపు తిరిగి చెబితే. ఇందులో నేను కలిపింది గోడ ఒక్కటే.

ఆయన చెయ్యి మాత్రం చల్లని చెయ్యి. ఏది పాతినా వేరు పట్టేది. ఊరేగింపు గొడుగు కర్రను ఆరబెట్టడానికి గుడి వెనక గుచ్చి మరిచిపోతే, పాస్కు పండగ నాటికి, అంటే ఈస్టరుకల్లా, చిగురు వేసిందని నేను పటమట దాకా చెప్పి వచ్చాను. అక్కడివాళ్లు చూడ్డానికి కూడా వచ్చారు.

మా గుడి గుమ్మానికి అటొకటి ఇటొకటి రెండు చెట్లున్నాయి. ఎప్పుడో ఒక ఇటలీ ఫాదరు నాటించినవి. మొద్దు లాంటి మాను, నెత్తిన గొడుగులా పరుచుకున్న మట్టలు. చూడగానే ఈత చెట్టనుకుంటారు. అందుకే మేం సీమ ఈత అనేవాళ్లం. మట్టల ఆదివారం నాడు ఊరంతా మామూలు ఈత మట్టలు పట్టుకుంటే, ఫాదరు చేతికి మాత్రం సీమ ఈత మట్ట ఇచ్చేవారు.

కుడి పక్క చెట్టు విత్తనాలు కాసేది. దానికి పువ్వు పూయగా ఎవరూ చూడలేదు. పండూ లేదు. నడినెత్తిన గోధుమరంగు ఉన్ని కప్పుకున్న చిన్న చిన్న ఆకులు వచ్చేవి. వాటి అంచులకు విత్తనాలు ఏ తొడుగూ లేకుండా, గాలికీ ఎండకీ కనబడుతూ వేలాడేవి. ఫిబ్రవరిలో జరిగే గుణదల తిరునాళ్ల నాటికి అవి కోడిగుడ్డు కన్నా కాస్త చిన్నగా, నారింజ రంగు తిరిగి నిగనిగలాడేవి.

వాటితో మా ఊళ్లో ఒక ఆచారం పుట్టింది. పుట్టించింది శౌరయ్యే. గుళ్లో పెళ్లయిన ప్రతి జంటకూ ఒక విత్తనం ఇచ్చేవాడు. పెళ్లికూతురు దాన్ని అత్తవారి పెరట్లో పాతాలి. మొలిస్తే ఆ ఇంట్లో పిల్లాపాపా తిరుగుతారని నమ్మకం. మొదటి బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించిన నాడు పెరట్లో ముళ్లకంప చుట్టిన మొలకను దూరం నుంచి శౌరయ్యకు చూపించి, ఆయనకు కోడికూరతో భోజనం పెట్టేవారు. ఆయన తల దించుకునే చూసి, తల దించుకునే తినేవాడు. కానీ ఆ రోజు ఆయన చెవులు ఎర్రబడేవి. సంతోషం ఆయనకు అక్కడే కనబడేది.

ఆ మొలకలు పెద్ద చెట్లవగా ఎవరూ చూడలేదు. మేక తిన్నదనో, కాలవ నీళ్లు ముంచాయనో ఏదో ఒకటి చెప్పేవారు. మేకలు తినడం, కాలవలు పొంగడం మా వైపు మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఎడమ పక్క చెట్టు విత్తనాలు కాయదు. దాని పని వేరు. పాస్కుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం వచ్చేసరికి దాని నెత్తిన ఒక పొత్తు లేచేది. మొక్కజొన్న పొత్తును మోచేతంత చేసి, మట్టల మధ్య నిటారుగా నిలబెట్టినట్టు ఉండేది. ఘాటైన వాసన. ఒక ఆదివారం పూజ వదిలాక ఆడవాళ్లు దాన్ని చూసి కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సిస్టర్లు ఆ పక్కనే తల వంచుకుని నడిచిపోయారు. శౌరయ్య అప్పుడు కొత్తగా పనిలో చేరినవాడు. ఆ నవ్వు తన మీదే పడ్డట్టు కుంగిపోయాడు. మర్నాడు తెల్లారేసరికి పొత్తు లేదు.

అప్పటినుంచీ ఏటా అదే పని. పొత్తు తల ఎత్తగానే కొడవలితో కోసేవాడు. తపస్సు కాలంలో పునీతుల స్వరూపాలకు కప్పే ఊదా గుడ్డలు గుడి బీరువాలో ఉంటాయి. వాటిలో చిరిగినదొకటి తీసి పొత్తును అందులో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకెళ్లి, గుడి వెనక గుంట తీసి పాతేవాడు. అదేమిటని అడిగినవాళ్లు లేరు. ఆయన చెప్పిందీ లేదు.

ఇక అసలు సంగతి. శౌరయ్యకు ఒక్కడే కొడుకు ఏసుపాదం. ఆర్టీసీలో కండక్టరు. టికెట్టు కోసం తప్ప నోరు తెరవడు. వాడికి గన్నవరం నుంచి తెరేసమ్మ అనే పిల్లను చేశారు. పెళ్లిలో శౌరయ్య ఆ ఏటి కాపులోకెల్లా పెద్ద విత్తనాన్ని ఏరి, కోడలి చేతిలో పెట్టాడు. ఆ పిల్ల దాన్ని పెరట్లో పాతి, పొద్దునా సాయంత్రం చెంబుతో నీళ్లు పోసింది. మొలవలేదు. మరుసటేడు ఇంకొకటి ఇచ్చాడు. అదీ మొలవలేదు. కడుపూ పండలేదు.

అమలమ్మ చెడ్డ మనిషి కాదు. నాలుకే ఆమె మాట వినేది కాదు. అవి ఎమర్జెన్సీ రోజులు. ఇద్దరు లేక ముగ్గురు చాలని మైకు పెట్టుకుని ప్రభుత్వం వారి వ్యాను వీధి వీధీ తిరిగేది. అది తమ గుమ్మం ముందుకు రాగానే అమలమ్మ అరుగు మీద నుంచి, వాకిట్లో ముగ్గు వేస్తున్న కోడలు వినేలా అంది:

"మా ఇంటి ముందు ఆపక్కర్లేదు బాబూ. మావాళ్లు మీరు చెప్పకముందే పాటిస్తున్నారు."

వీధి నవ్వింది. తెరేసమ్మ ముగ్గు చిప్ప కింద పెట్టి లోపలికి వెళ్లింది. సగం ముగ్గు అలాగే ఉండిపోయింది.

అమలమ్మ బాధ అర్థం చేసుకోవాలి. ఊళ్లో అన్ని ఇళ్లలోనూ శౌరయ్య చేతి విత్తనం మొలిచింది. శౌరయ్య ఇంట్లోనే మొలవలేదు. ఇక లోపం విత్తనంలో లేదు, చేతిలో లేదు. పాతిన పిల్ల దగ్గరే ఉండాలి. ఆమె లెక్క అది. తపస్సు కాలం మొదటి ఆదివారం పూజ అయ్యాక వచ్చి పిల్లను పుట్టింటికి తీసుకెళ్లమని, మంచి కబురు ఏదైనా ఉంటే అప్పుడు చూద్దామని వియ్యంకుడు రత్తయ్యకు కబురు పంపింది. ఏసుపాదం విని డ్యూటీకి వెళ్లిపోయాడు. శౌరయ్య విని, చీపురు తీసుకుని, ఊడ్చిన గుడి వాకిలినే మళ్లీ ఊడ్చాడు.

ఆ కబురు వెళ్లిన ఫిబ్రవరిలోనే, గుణదల తిరునాళ్లు అయిన వారంలో, పటమట నుంచి కొత్తగా వచ్చిన సిస్టర్ లూర్దు పదో తరగతి ఆడపిల్లలకు పువ్వు లేని చెట్ల పాఠం మొదలుపెట్టింది. ఆ క్లాసులో మా మనవరాలు ఉంది. అది చెప్పిందే నేను రాస్తున్నాను, ఈసారి ఏమీ కలపకుండా.

సిస్టర్ ఒక బక్కెట్టు నీళ్లు తెప్పించి, సీమ ఈత విత్తనాలు బుట్టెడు అందులో గుమ్మరించింది. అన్నీ తేలాయి. ఒకదాన్ని కత్తితో చీల్చి చూపించింది. పైన పెంకు గట్టిగానే ఉంది, లోపల గుల్ల. ఇంకొకటి చీల్చింది. అదీ అంతే.

పువ్వు లేకపోయినా ఆడామగా తేడా చెట్లకు ఉంటుందని ఆమె చెప్పింది. మగ చెట్టు పొత్తు వేస్తుంది. ఆ పొత్తు పొలుసుల కింద సంచుల్లో పసుపు పిండి లాంటి పుప్పొడి ఉంటుంది. ఆడ చెట్టు ఆకు అంచున ఉండేది మొదట విత్తనం కాదు, విత్తనం కాబోయే అండం. దాని కొసన సూదిమొనంత రంధ్రం ఉంటుంది. సమయం వచ్చినప్పుడు ఆ రంధ్రం దగ్గర ఒక జిగురు బొట్టు నిలుస్తుంది. గాలిలో కొట్టుకొచ్చిన పుప్పొడో, వాసనకు పొత్తు మీద వాలిన పెంకుపురుగులు మోసుకొచ్చిన పుప్పొడో ఆ బొట్టులో అంటుకుంటుంది. బొట్టు ఆరుతూ పుప్పొడిని లోపలికి లాక్కుంటుంది. పుప్పొడి అందకపోయినా ఈ చెట్టు అండాలు ఊరుకోవు. పెద్దవవుతాయి, రంగు తిరుగుతాయి, అచ్చం విత్తనాల్లాగే ఉంటాయి. మొలక మాత్రం వాటిలో ఉండదు.

ఇదంతా చెప్పి, గుడి ముందున్న రెండో చెట్టు ఎప్పుడైనా పొత్తు వేసిందేమో కనుక్కుందామని శౌరయ్యను పిలిపించింది. ఆయన భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుని క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. ఎదురుగా నలభై మంది ఆడపిల్లలు.

"శౌరయ్యగారూ, ఆ ఎడమ పక్క చెట్టు నెత్తిన పొత్తు లాంటిది ఎప్పుడైనా వచ్చిందా?"

ఆయన నేల చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"లేదండి," అన్నాడు.

అయితే ఈ విత్తనాలు ఒక్కటీ, ఎన్నడూ మొలవవని సిస్టర్ పిల్లలతో చెప్పి, బల్ల మీది గుల్లలు ఊడ్చేసింది. శౌరయ్య ఎవరూ పొమ్మనకుండానే వెళ్లిపోయాడు.

ఒక్కటీ మొలవదంటే ఊరంతా మొలిచినవేమిటి? ఆ సాయంత్రం ఆయన తాపీమేస్త్రి ఇంటికి వెళ్లాడు. మేస్త్రి భార్య మాణిక్యమ్మకు క్రిస్మస్ ముందే బిడ్డ పుట్టింది. శౌరయ్య కోడికూర తిని, మొలక చూసి వచ్చిన ఇల్లే అది. ఈసారి తిన్నగా పెరట్లోకి పోయి, ముళ్లకంప పక్కకు లాగి, గొంతుక్కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఆయన ఏ మొలకనూ వంగి చూసింది లేదు. పరాయి పెరట్లో, బాలింత ఉన్న ఇంట్లో, పరీక్షగా చూడడం మర్యాద కాదనుకున్నాడు. పైగా సీమ ఈత పిల్ల ఎలా ఉంటుందో ఎన్నడూ చూడనివాడికి ఏ మొలకైనా ఒకటే. ఆకు మొదలు తడిమితే వేలికి ముల్లు గుచ్చుకుంది. లాగితే కింద కర్జూరపు గింజ లాంటి గింజ. మామూలు ఈత. కాలవ గట్టున ఎన్ని కావాలంటే అన్ని.

మాణిక్యమ్మ బిడ్డను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చి, ఆయన చేతిలో మొక్క చూసి ఏడుపు మొహం పెట్టింది.

"నీ చేత్తో ఇచ్చింది మొలవలేదంటే మా ఇంటికి మాటొస్తుందని అలా చేశా బాబాయ్. మా తోడికోడలు చెప్పింది, తనూ అట్టాగే చేసిందంట. ఎవరితోనూ అనమాకు, నీకు దణ్ణం పెడతా."

ఎవరితోనూ అననని ఆయన తల ఊపాడు. మొక్కను తిరిగి పాతి, మట్టి అదిమి, ముళ్లకంప సర్ది మరీ వచ్చాడు.

ఆ తర్వాత ఆయన ఎలా గడిపాడో నేను చూశాను. గంట కొట్టడం మొదలుపెట్టి ఆపడం మరిచిపోయేవాడు. కోడలు అన్నం వడ్డిస్తుంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి లేచిపోయేవాడు. ఆ పిల్ల తన వంట బాగాలేదనుకుని, ఇంకా కుంచించుకుపోయేది. చెప్పేద్దామని ఆయన రెండు మూడుసార్లు భార్య దగ్గరకు వెళ్లాడట. ఏం చెప్పాలి? ఆ చెట్టుకు మగతనం ఉందని, అది చూసి నవ్వారని, తాను దాన్ని కోశానని, పిల్లల ముందు సిస్టరుకు అబద్ధం చెప్పానని. ఇందులో ఒక్క మాట కూడా ఆయన గొంతులోంచి వచ్చేది కాదు. "ఏంటి?" అని అమలమ్మ అడిగితే, "మంచినీళ్లు" అనేవాడు. నీళ్లు తాగి పోయేవాడు.

తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం దాటింది. పొత్తు లేచింది. శౌరయ్య కొడవలీ ఊదా గుడ్డా తీసుకుని వెళ్లి, చెట్టు కింద నిలబడి, కోయకుండా తిరిగి వచ్చాడు. మర్నాడూ అంతే. ఆదివారం నాటికి పొత్తు పూర్తిగా పెరిగి, వాసన గుడి లోపలికి వచ్చింది. పూజ వదిలి బయటికి వచ్చినవాళ్లంతా ఆగి చూశారు. కొంతమంది ఆడవాళ్ల కొంగులు పాత అలవాటు కొద్దీ నోటికి వెళ్లాయి.

గుడి గేటు దగ్గర రత్తయ్య గన్నవరం నుంచి వచ్చి నిలబడి ఉన్నాడు. కూతురిది రేకు ట్రంకుపెట్టె. దాని మీద ఆ పిల్ల విత్తనానికి నీళ్లు పోసిన చెంబు కూడా ఉంది, ఎందుకు తెచ్చుకుందో తెలియదు. అమలమ్మ ఒక పక్క, ఏసుపాదం ఒక పక్క. బస్సు వచ్చే వేళయింది. రత్తయ్య వంగి పెట్టె పిడి పట్టుకున్నాడు.

"ఆగు బావా," అన్నాడు శౌరయ్య.

ఆయన గొంతు అంత పెద్దదని మాకు తెలియదు. ఒక చేతిలో కొడవలి, ఒక చేతిలో ఊదా గుడ్డ. జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఎవరినో ఏదో చెయ్యబోతున్నాడని నాక్కూడా భయమేసింది. ఆయన చెట్టు కింద నిలబడి, చెట్టుతోనే మాట్లాడుతున్నట్టు మాట్లాడాడు.

"ఇది మొగుడు. ఆ పక్కది పెళ్లాం. ఏటేటా మొగుణ్ణి కోసి, ఈ గుడ్డలో చుట్టి, గుడెనక పాతేసింది నేను. అందుకే ఆ ఇత్తనాలన్నీ గుల్ల. నేనిచ్చినయ్యి ఏ ఇంట్లోనూ మొలవలా. మొలవవు. అమ్మాయిది తప్పేం లేదు. సిస్టరమ్మ అడిగితే కూడా అబద్ధం చెప్పా."

గాలికి పొత్తు నుంచి కాస్త పసుపు రాలి ఆయన నెరిసిన జుట్టు మీద పడింది.

"కోసెయ్యడం ఎందుకయ్యా?" అంది అమలమ్మ. తిట్టలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"సిగ్గేసి," అన్నాడు.

నవ్వే మాట అది. నేనైతే అలాంటి మాట కోసం ఊరూరూ తిరుగుతాను. ఎవరూ నవ్వలేదు. నోళ్ల దగ్గరకు వెళ్లిన కొంగులు మెల్లిగా కిందికి దిగాయి. అప్పుడు మాణిక్యమ్మ బిడ్డను ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మార్చుకుని, నేల చూస్తూ, తమ ఇంట్లోదీ మామూలు ఈత మొక్కేనని చెప్పింది. ఆమె తోడికోడలు తమదీ అంతేనంది. ఇంకెవరో గొణిగారు. ఒక ముసలామె, తన కోడలికి రాత్రికి రాత్రి ఈత మొక్క తెచ్చి పాతింది తానేనని ఒప్పుకుంది. ఇన్నేళ్లూ ప్రతి ఇల్లూ తమ పెరట్లోనే మొలవలేదనుకుని, పక్కింటికి తెలియకుండా దాచుకుంది. ఒక్క తెరేసమ్మ మాత్రం దాచలేదు. దొంగ మొక్క తెచ్చి పాతాలని ఆ పిల్లకు తోచలేదు. అందుకే పెట్టె సర్దుకుంది.

సిస్టర్ లూర్దు మఠం మెట్ల మీద నిలబడి అంతా విన్నది. శౌరయ్య అబద్ధం గురించి ఆ రోజూ అడగలేదు, తర్వాతా అడగలేదు. ఫాదరు గుళ్లో కొవ్వొత్తులు ఆర్పుతూ ఉండిపోయాడు. ఆ పని శౌరయ్యది.

బస్సు హారన్ వినబడింది. అమలమ్మ కోడలి వైపు రెండడుగులు వేసింది, ఆగింది. పెట్టె మీది చెంబు తీసి చేత్తో పట్టుకుంది. తెరేసమ్మ ఆమెను చూడలేదు. పెట్టెను అక్కడే వదిలి, మామగారి దగ్గరకు నడిచి వెళ్లి చెయ్యి చాపింది.

"ఆ కొడవలి ఇటివ్వండి మావయ్యా."

ఆయన ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగులో చుట్టి, తండ్రి వైపు తిరిగి, బస్సు వెళ్లిపోనివ్వమంది. భోజనం చేసి సాయంత్రం బస్సుకు వెళ్లమంది.

పుప్పొడి దులిపిందీ తెరేసమ్మే. ఏసుపాదం స్టూలు పట్టుకున్నాడు. ఎవరూ చెప్పకుండా ఆ అబ్బాయి చేసిన మొదటి పని నాకు తెలిసి అదే. ఊదా గుడ్డలో పొత్తును దులిపి, తెల్లవారుజామున కొత్తగా వచ్చిన అండాల కొసన బొట్లు మెరుస్తున్నప్పుడు ఆ పిండిని కుడి పక్క చెట్టు మీద చల్లారు. శౌరయ్య అప్పుడు గుడి వెనక ఉన్నాడు. అంత మాట చెప్పినంతమాత్రాన సిగ్గు పోయిందనుకోవద్దు. ఇంకా ఎక్కువైంది. కాకపోతే ఆయన దాన్ని మోసుకుని తిరగడం నేర్చుకున్నాడు.

ఆ తర్వాతి సంగతి కూడా సిస్టరే చెప్పింది. బొట్టుతో పాటు లోపలికి పోయిన పుప్పొడి వెంటనే ఏమీ చెయ్యదట. ఒక చిన్న గదిలో నెలల తరబడి కూర్చుని, వేరు లాంటి గొట్టం వేసి, ఆ గోడలనే తింటూ ఉంటుందట. అంటే పాస్కు ముందు నిశ్చితార్థం అయితే, వానలు ముదిరాక పెళ్లన్నమాట. ఆ రోజు పుప్పొడి పగిలి, లోపలి మగకణాలు ఒంటి నిండా ఉన్న సన్నని నూగును ఆడించుకుంటూ, చెట్టు నెత్తిన, నేలకు అంత ఎత్తున, చుక్కెడు నీళ్లలో ఈదుకుంటూ అండం లోపలి గుడ్డును చేరతాయట. నేనీ సంగతి కంకిపాడు టీకొట్టులో చెప్పాను. గొడుగు కర్ర చిగురు వేసిందంటే నమ్మినవాళ్లు, చెట్టు లోపల ఈత కొడతాయంటే నన్ను లేచిపొమ్మన్నారు. ఆ కొట్టులో నేను చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

మరుసటేడు గుణదల తిరునాళ్లప్పుడు బక్కెట్టులో వేసిన విత్తనాలు చాలావరకు మునిగాయి. అమలమ్మే వాటిని ఏరి, బాగా బరువైనదాన్ని కోడలికి ఇచ్చింది. తెరేసమ్మ పెరట్లో పాతలేదు. అందరూ నడిచే గుడి దారి పక్కనే, కంప చుట్టకుండా పాతింది. వానల నాటికి మొలిచింది. మొదటి ఆకే ఈకలా చీలి, చుట్ట చుట్టుకుని, తల్లి పోలికతో వచ్చింది. ఈత మొక్కకూ దానికీ ఏ పోలికా లేదు. ఊళ్లో ఆడవాళ్లంతా వచ్చి వంగి చూశారు, చూసి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తెరేసమ్మకు పిల్లలు పుట్టారా అని నన్ను అడుగుతూ ఉంటారు. నాలాంటి నోరు జారే ముసలాడు కూడా ఆ ఒక్కదానికీ జవాబు చెప్పడు. ఒక గింజను చూసి ఒక ఆడపిల్ల ఒంటి మీద తీర్పు చెప్పి మా ఊరు ఒకసారి తల దించుకుంది. అది చాలు.

శౌరయ్య ఇప్పటికీ తోటపని చేస్తున్నాడు. కొడవలి మాత్రం తెరేసమ్మ దగ్గరే ఉంటుంది, వంటింట్లో చూరుకు గుచ్చి. గడ్డి కోయాలంటే ఆయన గుమ్మం బయట నిలబడి, నేల చూస్తూ, కోడల్ని అడిగి తీసుకోవాలి. తపస్సు కాలంలో అడిగితే ఆమె ఇవ్వదు.